కిరసనాయిలు వాసన వచ్చిన రీస్లింగ్

ముక్కుతో బతికినవాణ్ణి నేను. చదువు పదో తరగతి దగ్గరే ఆగింది, ఆస్తి లేదు, రూపం అంతంతమాత్రం. ఉన్నదల్లా ఈ ముక్కొక్కటే. దాన్ని పట్టుకొని ముప్పై రెండేళ్ళు హోటళ్ళలో పనిచేశాను. అందులో పద్దెనిమిదేళ్ళు బెంగుళూరులో వైను వడ్డించే పని. సీసా తెరిచి వాసన చూడటం, ఒక గుక్క నోట్లో వేసుకొని పుక్కిలించి ఉమ్మేయడం, బాగుంటే అతిథికి పోయడం, ఏ వైను ఏ తిండితో పోతుందో చెప్పడం, ఇదీ నా ఉద్యోగం. ప్రొద్దుటూరులో మావాళ్ళకు ఇది చివరిదాకా మింగుడుపడలేదు. తాగి ఉమ్మేసేదానికి జీతమిస్తారా అని మా పెద్దమ్మ అడిగింది. ఇస్తారంటే, మింగితే ఇంకా ఎక్కువ ఇస్తారేమో కనుక్కో అంది.

ఈమధ్య హోటలు పని చదువుకుంటున్న పిల్లలు నలుగురు ఇంటికొచ్చారు. మీ అనుభవాలు రాసివ్వండి, మాకు పనికొస్తాయి అన్నారు. వాళ్ళు అడిగినవి ఏ పెద్దమనుషులకు వడ్డించాను, ఎంత పాత సీసాలు తెరిచాను లాంటి ముచ్చట్లు. అలాంటివి ఒక పది పేజీలు రాసి, చదువుకొని, చించేశాను. బాబూ, మీకు నిజంగా పనికొచ్చే అనుభవం నా దగ్గర ఒక్కటే ఉంది. చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. అయినా అదే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను, నాది కూడా.

రాష్ట్రం విడిపోయిన రెండు మూడేళ్ళకు బెంగుళూరు మీద మొహం మొత్తి ఇటు వచ్చేశాను. జమ్మలమడుగు దగ్గర ఒక హోటలు కొత్తగా లేచింది. కట్టించినాయనకు పులివెందుల పక్క చీనీ, అంటే బత్తాయి తోటలు, అరటితోటలు ఉన్నాయి. గండికోట చూడటానికి వచ్చేవాళ్ళూ, చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో యంత్రాలు బిగించడానికి వచ్చే ఇంజినీర్లూ తన దగ్గరే దిగాలని ఆయన పట్టుదల. ఆయన నాకన్నా పన్నెండేళ్ళు చిన్న. అయినా నేను అన్నా అనే పిలిచేవాణ్ణి. మా పక్క భూములున్నవాడు ఎంత చిన్నవాడైనా అన్నే. ఆయనేమో వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి, బెంగుళూరు నుంచి ముక్కును తెప్పించినా అని గొప్పగా చెప్పుకునేవాడు. నాకూ అది బాగానే ఉండేది. ఆ మాట వింటుంటే నా నడకే మారిపోయేది.

ఆ హోటల్లో స్టోరు చూసుకునే ఆయన వల్లూరు మనిషి. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. అందరికీ స్టోరు మామ. వాళ్ళది తరాలుగా ఆకుతోటల కుటుంబం. మా పక్క ఆకు అంటే తమలపాకే. అన్నదమ్ముల పంపకాల్లో తోట పోయి, బోర్లు ఎండి, చివరికి ఇక్కడ తాళంచెవుల గుత్తి పట్టుకున్నాడు. ఆయనకొక అలవాటుండేది. స్టోరుగది గడప బయట చెప్పులు విడిచి, చేతులు కడుక్కొని లోపలికి పోయేవాడు. ఆకుతోటలోకి చెప్పులతో పోరు, ఎంగిలి చేత్తో తీగ ముట్టుకోరు, ముట్టుకుంటే తోట చెడుతుందని వాళ్ళ నమ్మకం. ఆ పద్ధతిని స్టోరుకు కూడా తెచ్చుకున్నాడు. ఇక్కడ ఏ తీగ పాకుతాందని మామా ఈ మడి అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. నలుగురు తినే సరుకుండే చోటు కదప్పా అనేవాడు, అంతే.

ఇప్పుడు రీస్లింగ్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఇది లేకపోతే కథ లేదు. రీస్లింగ్ చలిదేశాల్లో పండే ఒక రకం తెల్లద్రాక్ష. దాంతో చేసే వైనుకూ అదే పేరు. పొడుగాటి సన్నటి సీసాల్లో వస్తుంది. కొత్తదైతే నిమ్మతొక్క వాసన, పచ్చి ఆపిలు వాసన. పులుపు గట్టిగా ఉంటుంది. కొన్నింట్లో ఆ పులుపు వెనకే కాస్త తీపి ఉంటుంది. ఆ తీపిరకమే మన కడప తిండికి చుట్టం. వేరే వైన్లలో మత్తు ఎక్కువ, అవి కారం మీద పడితే నోట్లో మంట రెట్టింపవుతుంది. రీస్లింగ్‌లో మత్తు తక్కువ, తీపి మంటను అణుస్తుంది, పులుపు నూనెను కడిగేస్తుంది. ఎర్రకారం దోసెకు, నాటుకోడి పులుసుకు, ఆఖరికి నాలుక్కి అతుక్కునే చెనిగ్గింజల పచ్చడి ఊరిబిండికి కూడా ఇది సరిపోతుంది. ఒకరోజు ఇదంతా స్టోరు మామకు అరగంట చెప్పాను. ఆయన మందు ముట్టడు. శ్రద్ధగా విని, పానకం మాదిరి అన్నమాట అన్నాడు. బెంగుళూరులో మూడు నెలల వైను కోర్సులో మాకు చెప్పింది ఆయన ఒక్క మాటలో తేల్చేసినందుకు నాకు లోపల కొంచెం మండింది కూడా.

ఆ ఏడు ఒక ఫ్యాక్టరీలో పని ముగించుకొని జర్మనీకి తిరిగి పోతున్న పెద్దాయన ఒకాయన, తనతో పనిచేసిన ఇరవైమందికి మా హోటల్లో విందు ఇవ్వాలనుకున్నాడు. ఆయనకు మా వంట ఇష్టం. సంగటి ముద్దను చేత్తో విరిచి పులుసులో అద్దుకొని మింగడం నేర్చుకున్న మనిషి. తిండి మీ ఊరిది, వైను మా ఊరిది అని ముందే చెప్పేశాడు. వాళ్ళ ఊరి తోటలో పండిన రీస్లింగ్ పన్నెండు సీసాలు ఎట్లాగో తెప్పించుకొని, విందుకు మూడు వారాల ముందే మాకు అప్పగించాడు. అన్నీ పాతవి. ఒక సీసా ముందే తెరిచి రుచి చూసి వంటలు నిర్ణయించమని నాకు చెప్పాడు. వచ్చే ఏడాది వచ్చే ఇంజినీర్లందరినీ ఇక్కడే దింపుతామని ఫ్యాక్టరీవాళ్ళు మా యజమానికి ఆశ పెట్టి ఉన్నారు. కాబట్టి ఈ విందు మీద ఆయన ప్రాణాలు పెట్టుకున్నాడు.

శివరాత్రి దాటింది, ఎండలు ముదురుతున్నాయి. కరెంటు ఉండీ ఉండనట్టు ఉండేది. స్టోరు మామ ఆ సీసాలను నాపబండల గదిలో ఉత్తరపు మూల నేల మీద పడుకోబెట్టి, పైన గోనెపట్టలు కప్పి, పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లి తడిగా ఉంచాడు. కోసిన ఆకు వాడిపోకుండా వాళ్ళు చేసేది అదే. మూడు వారాల్లో ఒక్కపూట కూడా తప్పలేదు. ఆదివారం సెలవురోజు కూడా బస్సెక్కి వచ్చి తడిపి పోయేవాడు. నేను చూస్తూనే ఉన్నాను. బాగుంది అని ఒక్క మాట అనలేదు.

విందుకు ముందురోజు మధ్యాహ్నం ఒక సీసా తెప్పించి బిరడా తీశాను. గ్లాసులో పోసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గుప్పున కిరసనాయిలు వాసన.

రెండో సీసా తెరిచాను. అదే వాసన. బెంగుళూరులో నేను పోసిన రీస్లింగ్‌లన్నీ ఒకటి రెండేళ్ళవి. వాటిలో చీనీకాయ వాసన, పూల వాసన తప్ప ఇంకొకటి ఎరగను. పరుగున స్టోరుకు పోయాను. తలుపు పక్కనే కిరసనాయిలు టిన్ను ఉంది. మరునాటి విందుకు ఆరుబయట లాంతర్లు పెట్టాలని నేనే తెమ్మన్న టిన్ను. టిన్ను కనబడగానే నాకు అంతా తేలిపోయిందనిపించింది. ఇంకేం ఆలోచించలేదు. వైను వడ్డించేవాడికి నేర్పే మొదటి పాఠం ఏమిటంటే, వాసన ఏం చెప్పినా నోట్లో వేసుకోకుండా తీర్పు చెప్పకూడదు. పద్దెనిమిదేళ్ళు నా కిందివాళ్ళకు ఆ పాఠం చెప్పినవాణ్ణి, ఆరోజు ఒక్క చుక్క నాలుక మీద పెట్టలేదు.

"ఏంది మామా ఇది? సీసాలుండే గదిలో కిర్సనాయిలు పెడ్తావా?" అన్నాను. గట్టిగానే అన్నాను, వంటవాళ్ళంతా వచ్చి నిలబడ్డారు.

"ఆ టిన్ను ఈ పొద్దు పొద్దన్నే కదప్పా వచ్చింది. సీసాలు ఆ మూలుండాయి, ఇది ఈ మూలుండాది" అన్నాడు. అని ఊరుకోలేదు. కాసేపు ఆలోచించి, నన్ను తప్పుపట్టే గొంతుతో కాకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "మూత తీయని సీసాలోకి వాసన యాడ నుంచి పోతాదప్పా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఉంటే కోపం వచ్చేది కాదు. బిరడాలు పీల్చుకుంటాయి, నీకు తెలియదు, ఇది ఆకుకట్ట కాదు అని అరిచాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నాకు తెలియని సంగతిని ఆయన నెత్తిన రుద్దాను. వంటవాళ్ళలో ఒకడు నవ్వాడు కూడా.

సాయంత్రానికి యజమాని పులివెందుల నుంచి కారులో దిగాడు. వాసన చూపించాను. ఆయన మొహం తిప్పుకొని, ఎవరు చేసినారప్పా ఈ పని అని అడిగాడు. నేను పేరు చెప్పలేదు. స్టోరు తాళంచెవి ఎవరి దగ్గరుంటాదన్నా అని మాత్రం అన్నాను. పేరు చెప్పలేదు కదా అని చాలా ఏళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అంతకన్నా పిరికి మాట నా జన్మలో ఇంకొకటి మాట్లాడలేదు.

స్టోరు మామ కాళ్ళావేళ్ళా పడలేదు. "చెప్పులేసుకొని ఆకుతోటలోకి పోనోన్నన్నా నేను. తాగే సరుకు కాడ కిర్సనాయిలు పెడ్తానా?" అని ఒక్కసారి అన్నాడు. అది యజమాని చెవికెక్కలేదు. ఆయనకు ఫ్యాక్టరీవాళ్ళు చేజారిపోతున్నట్టు కనబడుతోంది. రేపట్నుంచి రావాకు అన్నాడు.

మామ తాళంచెవుల గుత్తి తెచ్చి నా చేతిలో పెట్టాడు. గడప బయట విడిచిన చెప్పులు వేసుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "మాపుటికి పట్టలు తడుపప్పా. మర్చిపోవాకు" అన్నాడు. తర్వాత రోడ్డు మీదికి పోయి వల్లూరు పక్క పోయే బస్సు కోసం నిలబడ్డాడు. నేను పట్టలు తడపలేదు. చెడిపోయిన సరుకుకు నీళ్ళెందుకు అనుకున్నాను.

ఆ రాత్రే బెంగుళూరుకు పంపిన కారు మరునాడు మధ్యాహ్నానికి అరడజను కొత్త రీస్లింగ్‌లతో వచ్చింది. పొద్దు వాలుతుండగా అతిథులు వచ్చి ఆరుబయట కూర్చున్నారు. జొన్నరొట్టె, ఊరిబిండితో మొదలుపెట్టి కొత్త వైను పోశాను. పెద్దాయన ఒక గుక్క తాగి, బాగుంది అని మర్యాదగా అని, నా సీసాలెక్కడ అని అడిగాడు. నేనూ మా యజమానీ చేతులు కట్టుకొని నిలబడ్డాం. మీ సీసాలు మా స్టోర్లో చెడిపోయాయి సార్, కిరసనాయిలు వాసన పట్టింది అని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఒకటి తెమ్మన్నాడు.

ఆయనే బిరడా తీశాడు. వాసన చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపటికీ తెరవలేదు. తెరిచినప్పుడు ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి. ఇంకో గ్లాసులో పోసి నాకిచ్చి, తాగు అన్నాడు.

అప్పుడు నోట్లో వేసుకున్నాను. నిమ్మతొక్క, తేనె, ఎండలో కాలిన రాయి మీద నీళ్ళు చల్లితే వచ్చే చల్లదనం. ముక్కుకు అంత ఘాటుగా తగిలిన కిరసనాయిలు నాలుక మీద ఎక్కడికి పోయిందో తెలియలేదు. పళ్ళెంలో నుంచి నాటుకోడి ముక్క ఒకటి తీసి ఆయనే నా చేతిలో పెట్టాడు. ఆ కారం మీద ఈ వైను పడగానే రెండూ ఒకదాన్నొకటి పట్టుకొని నిలబడ్డాయి. అంత మంచి రీస్లింగ్ నేను అంతకుముందు తాగలేదు, ఆ తర్వాతా తాగలేదు. అది గొంతు దిగుతుంటేనే, నేను చేసిన పని ఏమిటో నాకు తెలిసిపోయింది.

పెద్దాయన నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. రీస్లింగ్ ముదిరితేనే ఈ వాసన వస్తుందట. వాళ్ళ ఊళ్ళో దీనికోసమే ఏళ్ళ తరబడి ఎదురుచూస్తారట. ఈ ఎండల్లో మూడు వారాలుంటే పాడైపోతాయేమోనని రోజూ భయపడ్డాడట. ఇంత చల్లగా, ఇంత బాగా కాపాడినవాళ్ళు ఎవరు, వాళ్ళ చేతులు పట్టుకోవాలి నేను అన్నాడు.

ఒక్క మాట చాలు. ఆ మనిషి వల్లూరులో ఉన్నాడు సార్, కారు పంపితే ఈ రాత్రికే వస్తాడు అంటే సరిపోయేది. కానీ, నేనే సార్ అన్నాను. ఆయన లేచి నా రెండు చేతులూ పట్టుకొని ఊపాడు.

మా యజమానికి ఆయన ఇంగ్లీషు యాస పట్టుబడదు. పక్కనుంచి నా మోచెయ్యి తాకి, "ఏమంటాండాడప్పా?" అని అడిగాడు.

"చెడిపోయినా పర్వాల్యా, నేను తాగుతా, మీరేం బాధపడాకండి అంటాండాడన్నా" అన్నాను.

యజమాని దండం పెట్టాడు. ఎంత పెద్దమనసు చూడప్పా అన్నాడు. ఆ సంతోషంలోనే కారెక్కి పులివెందులకు వెళ్ళిపోయాడు. మిగతా తొమ్మిది సీసాలూ ఆ ఇరవైమంది పండగలా తాగారు.

మర్నాడు పొద్దున నా ట్రంకుపెట్టెలో అడుగున ఉన్న కోర్సు నోటుబుక్కు తీశాను. రీస్లింగ్ పేజీలో, నా చేతిరాతతోనే ఉంది: ముదిరితే పెట్రోలు, కిరసనాయిలు వాసన, ఇది దోషం కాదు, మంచి గుణం. దాని కింద గీత కూడా గీశాను. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది, సరైన జవాబు రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. వాసన ఎరగకుండా మాట మాత్రం బట్టీపట్టినవాడి తెలివి అంతే.

ఆరోజే యజమానికి ఫోను చేసి ఉండవచ్చు. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. నిజం చెబితే బెంగుళూరు ముక్కుకు రీస్లింగే తెలియదని తేలుతుంది. ఆయన అడిగిన ప్రశ్నకు నేను అబద్ధం చెప్పానని తేలుతుంది. పెద్దాయన ఊరికి పోనీ అనుకున్నాను. పోయాడు. ఈ ఎండాకాలం గడవనీ అనుకున్నాను. గడిచింది. అంత పనిమంతుడికి ఎక్కడైనా పని దొరికే ఉంటుందిలే అనుకున్నాను. ఈ చివరి మాట నాకు బాగా నచ్చింది, చాలాకాలం దాన్ని పట్టుకొనే ఉన్నాను.

దొరకలేదు. నేను చెప్పిన అబద్ధం నేను అనుకున్నంత చిన్నదిగా ఉండిపోలేదు. తెల్లాయన కిరసనాయిలు కలిసిన వైను తాగి కూడా ఏమీ అనలేదన్న కథను మా యజమాని ఊరూరా చెప్పాడు. ఆయనకు అది అతిథి గొప్పతనం. విన్నవాళ్ళకు నవ్వులాట. ప్రొద్దుటూరులో కొత్తగా తెరిచిన కల్యాణమండపంలో స్టోరు చూసుకోవడానికి మామ మాట్లాడుకున్నాడట. మందులో కిర్సనాయిలు కలిపినోన్ని పప్పుబియ్యం కాడ ఎట్ల పెట్టుకుంటామని మేనేజరు వెనక్కి పంపేశాడు. ఆ సంగతి ఒక పెళ్ళిలో అదే మేనేజరు, కథ పుట్టించినవాడు పక్కనే భోజనం చేస్తున్నాడని తెలియక, నాకే చెప్పాడు. నేను నవ్వాను. నవ్వానని రాయడం ఇష్టం లేదు, కానీ నవ్వాను.

మామ మళ్ళీ ఆకు పనికే పోయాడు, ఈసారి వేరేవాళ్ళ తోటలో. అక్కడికీ కథ వెంటపడింది. ఆకు బేరమంతా వాసన మీద, నవనవ మీద ఉంటుంది. ఆయన కట్టలు దించితే చాలు, కొనేవాళ్ళు ఒక ఆకు ముక్కు దగ్గర పెట్టుకొని, కిర్సనాయిలు ఏమన్నా తగుల్తాందా అని ఒకరినొకరు అడుగుతారని, ఆకు అంగడి పెట్టుకున్న మా చిన్ననాటి స్నేహితుడు చెప్పాడు. బేరం ఆపరట, ఆకు బాగుంటుంది కాబట్టి కొంటారట. ఊరికే ఆట పట్టిస్తారట. ఆయన పేరే కిర్సనాయిలు మామ అయిపోయిందట.

నేను ఉద్యోగం మాని ఇంట్లో కూర్చున్నాక ఇది మరీ ఎక్కువగా కొరకడం మొదలుపెట్టింది. పనిలో ఉన్నంతకాలం మనిషికి దాక్కునే చోటుంటుంది. కూర్చున్నవాడికి ఉండదు. పోయిన కార్తీకంలో ఒకరోజు పొద్దున బస్సెక్కి వల్లూరు పోయాను. ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టుకుంటే ధైర్యం చాలదని లెక్కపెట్టలేదు.

తోట గట్టు దగ్గర చెప్పులు విడిచి లోపలికి పోయాను. మామ తీగల నీడలో కూర్చొని కోసిన ఆకు సర్దుతున్నాడు. బాగా తగ్గిపోయాడు. నన్ను గుర్తుపట్టి, గోనెపట్ట ఒకటి దులిపి పరిచి కూర్చోమన్నాడు. మోకాళ్ళెట్లుండాయి, పిలకాయలు ఏం చేస్తాండారు అని అడిగాడు. నేను జవాబులు చెప్పి, ఇక ఆగలేక అంతా ఒక్కసారిగా కక్కేశాను. ఆ వాసన చెడ్డది కాదని, ఆ వైను అంత బాగా నిలిచిందంటే అది ఆయన పట్టలు తడిపినందువల్లేనని, పెద్దాయన ఆయన చేతులు పట్టుకోవాలన్నాడని, నేను నా చేతులు చాచానని, యజమానికి తప్పుడు మాట చెప్పానని. ఏడ్చాను కూడా. నా ఏడుపు చూసి ఆయన పని ఆపాడు.

"ఈ మాట ఎవురెవురికి చెప్పినావప్పా?" అని అడిగాడు.

ఎవరికీ చెప్పలేదు, మొదట నీకే చెబుతున్నాను మామా అన్నాను. అది గొప్ప సంగతి అన్నట్టు అన్నాను.

"నేను చేయల్యాని నాకు తెలుసు కదప్పా" అన్నాడు. "నాకెందుకు చెప్తాండావు? తెలీనోళ్ళకు చెప్పు."

కోపంగా అనలేదు. దారి అడిగినవాడికి దారి చూపించినట్టు అన్నాడు. అని మళ్ళీ ఆకు సర్దుకోవడం మొదలుపెట్టాడు. క్షమించాడో లేదో తెలియదు. క్షమించమని నేను అడిగినమాట నిజమే గానీ, ఆయనకు కావలసింది అది కాదు. ఆయన దగ్గరికి పోయింది కూడా నా బరువు దించుకోవడానికే తప్ప ఆయన బరువు దించడానికి కాదని, తిరుగు బస్సులో కూర్చున్నాక అర్థమైంది.

ఆ వారంలోనే పులివెందుల పోయాను. యజమాని హోటలు ఎప్పుడో అమ్మేశాడు, తోటలు చూసుకుంటున్నాడు. మొదటిసారి పోయి కాఫీ తాగి, చీనీకాయల సంచి ఇస్తే పట్టుకొని, ఏమీ చెప్పకుండా వచ్చేశాను. రెండోసారి పోయి చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. తర్వాత, "నీ ముక్కును నమ్మి కదప్పా వాన్ని పొమ్మంటి. ఆ పొద్దు వాడు నా కాళ్ళు పట్టుకోల్యా. తప్పు చేసినోడు కాబట్టే కిమ్మనకుండా పోయినాడనుకుంటి" అన్నాడు. నన్ను తిట్టలేదు. ఇంకెప్పుడూ రావాకు అని కూడా అనలేదు. కానీ లేచి లోపలికి పోయాడు, మళ్ళీ బయటికి రాలేదు. కాసేపు చూసి నేనే గేటు వేసుకొని వచ్చేశాను.

తర్వాత ప్రొద్దుటూరు మండపం మేనేజరు దగ్గరికి పోయాను. ఆకు కొనేవాళ్ళ దగ్గరికి పోయాను. జమ్మలమడుగులో మిగిలిన పాత వంటవాళ్ళ దగ్గరికి, ఆరోజు నవ్వినవాడి దగ్గరికి కూడా పోయాను. ఇంకా పోవలసినవాళ్ళున్నారు. పిల్లలారా, ఒక మాట ఊళ్ళోకి వదలడానికి నాకు అర నిమిషం పట్టింది. వెనక్కి పిలవడానికి ఇప్పటికి ఎనిమిది నెలలుగా తిరుగుతున్నాను. చాలామంది విని, పోనీలే అప్పా, ఎప్పటి సంగతో అంటారు. కొందరు నాకు మతి తప్పిందనుకుంటున్నారు. మీరు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్న ప్రతిసారీ, నోట్లో వేసుకునేదాకా నోరు విప్పకండి. ఎదురుగా చిన్న ఉద్యోగంలో ఉన్న మనిషి మీకు జవాబు తెలియని ప్రశ్న వేస్తే, కోపం వచ్చేలోగా తెలియదని చెప్పేయండి. ఇంతకన్నా నేర్పడానికి నా దగ్గరేమీ లేదు.

మండపం మేనేజరుకు నేను మొదట మామ అసలు పేరు చెప్పాను. ఇంటిపేరు చెప్పాను, వల్లూరని చెప్పాను, స్టోరు పనికి అడగడానికి వచ్చాడని గుర్తుచేశాను. అట్లాంటి మనిషి ఎవరూ తెలియదన్నాడు. ఆకు కొనేవాళ్ళూ అదే అన్నారు, రోజూ ఆయన ఆకు కొంటూ కూడా. చివరికి కిర్సనాయిలు మామ అన్నాను. ఓ, ఆయనా అని అందరూ వెంటనే నవ్వారు. ఆయన తప్పేమీ లేదని ఎక్కడికి పోయి చెప్పాలన్నా, ముందు ఆ పేరు నా నోటితోనే పలకవలసి వస్తోంది.